నీళ్ళు పొయ్యని నెలలు

మెత్తగున్నది. బొటనేలు ఆనిచ్చి ఒత్తినకాడ కొమ్మ లోపలికి పోయింది, మల్ల పైకి రాలే. నిన్న పొద్దుగాల గిట్ల లేకుండె, గిదే బకెటు, గిదే కొమ్మ, ముడుతలు వడ్డది గని గట్టిగనే ఉండె. ముడుతలకు భయపడొద్దు అనేది అనసూర్య, చలికాలం నీళ్ళు లేక తోలు ముడుచుకుంటది, లోపల పానం ఉంటది, మెత్తగైతేనే భయం. పదమూడు దేవగన్నేరు చెట్లు, పదమూడు పాత పెయింటు బకెట్లు, ఒక్కదానికన్న ఆకు లేదు, బూడిద రంగు మొండి కొమ్మలు వేళ్ళు తెగిన చేతుల లెక్క నిలవడ్డయి. నిన్న కుర్చీలు తెచ్చిన టెంటాయన మిద్దె మీదికి వచ్చి చూసి, "గీ ఎండుకట్టెలు తీసేస్తె ఇంకో రెండు వరుసలు వడతయి గదనే" అన్నడు. ఎండలే, నిద్రల ఉన్నయి అని చెప్పాల్సింది, నోరు రాలే. ఈ మధ్య నాకు నోరు వచ్చుడే తక్కువైంది. ఇయ్యాల అనసూర్య పదకొండో దినం. నా పెండ్లాం పోయి పదకొండు రోజులాయె, కింద వంటోళ్ళు పొయ్యి ముట్టిచ్చిన్రు, పొగ బయటి మెట్ల మీదికెల్లి పైకి వస్తున్నది. అయ్యగారు తొమ్మిదింటికి వస్తనన్నడు. ఇంకో గంటున్నది, చెట్లు చూసొస్త అని బిడ్డకు చెప్పి పైకి వచ్చిన. సంగీత నా మొఖం దిక్కు చూసి, "పో నాయినా, జరసేపు గాలికి కూసో, నేను చూసుకుంట" అన్నది. గంత మంచిగ మాట్లాడుతున్నది నాతోటి. గది తట్టుకోలేకనే పైకి వచ్చిన.

కొయ్యాలె. మెత్తగైన కొమ్మను ఒక్క పూట సుత ఉంచొద్దు, కుళ్ళు కిందికి పాకుతది, మొదలు దాక పోతె ఇగ చెట్టు లేదు. కత్తి కడిగి తెచ్చుకున్న. మొదటి కోత పెట్టిన, లోపల మాగిపోయిన అరటిపండు లెక్క నల్లగున్నది, పాలు లేవు. ఇంకో రెండు వేళ్ళంత కిందికి కోసిన, ఇంకా గోధుమ రంగే. తెల్లగ వచ్చేదాక కోసుకుంట పోవాలె, జాలి వడొద్దు, జాలి వడి నల్లది ఇంతంత ఇడిసిపెట్టినవా మల్ల మొదలైతది అనేది. జాలి వడేటోన్ని నేనే. ఆమె కూలికి పోయి నేర్చుకున్నది గీ పని, ప్రజ్ఞాపూర్ రోడ్డు మీది నర్సరీల తొమ్మిదేండ్లు చేసింది, అక్కడ కత్తిరించి పారేసిన కొమ్మలను సంచిల ఏసుకోని సిద్దిపేట బస్సుల ఒళ్ళె పెట్టుకోని తెచ్చేది, కోసినకాడ పాలు ఆరేదాక నీడకు పడేసి గప్పుడు నాటేది. నేను గప్పుడు బొంబయి అవతల బివండిల ఉంటి. పండుగకు వచ్చినప్పుడల్ల మిద్దె మీద ఓ బకెటు ఎక్కువైతుండె. గిన్ని ఎందుకే అంటె, నీ తోటి మాట్లాడినట్టు వీటితోటి మాట్లాడుత, ఇవి గూడ ఇనయి అనేది. నవ్వేది.

ఇనరాదు నాకు. ఇరువై రెండేండ్లు సాంచాల నడుమ నిలవడి బట్ట నేసిన, ఒక్క షెడ్డుల నలభై మరమగ్గాలు, పక్కపొంటి ఉన్నోడు చెవుల మొత్తుకున్నా ఇనరాకుండె. అందుకే అక్కడ అందరం పెదవులు చూసి మాట్లాడుకునేటోళ్ళం, నాలుగు సాంచాల అవతల ఉన్నోడు చాయ్ తాగుదామన్నా, పోగు తెగిందన్నా, అమ్మనాయినను తిట్టినా, పెదవి కదిలితె చాలు ఎర్కయ్యేది. లాక్‌డౌన్ల అందరం నడుసుకుంట లారీలెక్కుకుంట ఇంటికి వస్తిమి, నేను ఇగ మల్ల పోలే, చెవులు అక్కడనే ఇడిసిపెట్టి వచ్చిన. అనసూర్య రెండు నెలలల్ల నేర్చుకున్నది, నా ఎదురుంగ నిలవడి సప్పుడు లేకుండ పెదవులు కదిలిచ్చి మాట్లాడేది, మేము గట్లనే కొట్లాడుకునేటోళ్ళం, సప్పుడు లేకుండ, చేతులూపుకుంట, సంగీత గడప మీద కూసోని పొట్ట వట్టుకోని నవ్వేది.

మూడో కోతకు తెల్లగ వచ్చింది. నడుమ చిన్న చుక్క పాలు ఊరింది, ఇంకో చుక్క. బతికింది. పాలు చేతికి తాకితె దద్దు లేస్తది, పాతబట్ట తోటి తుడుసుకోని పొయ్యిల బూడిద అద్దిన. బకెటు ఇటుకల మీద సరింగ కూసున్నదా చూసిన, కింద తడి ఉండొద్దు, మన్ను ఎండి పగుళ్ళు వడ్డది, మంచిగున్నది. పగుళ్ళు వడ్డ మన్నును చూసి నీళ్ళు పొయ్యకుండ ఉండుడు నాకు మస్తు కష్టమైంది మొదట్ల. బివండి నుంచి వచ్చిన మొదటి చలికాలం, ఆమె నర్సరీకి పోయినంక నాకు పని లేక మిద్దెక్కి చూస్తె అన్నీ మొండి కట్టెలే, మన్ను కుండపెంకు లెక్క ఎండింది, నా పెండ్లాం చెట్లు ఎండిపోతున్నయి పాపమని వారం రోజులు చెంబుల తోటి పోసిన. నాలుగు చెట్లు మొదలు కాడికెల్లి కుళ్ళిపోయినయి. ఆమె ఏడ్వలే, తిట్టలే, వాటిని పీకి గోడ అవతల పారేసి వచ్చి నా ఎదురుంగ కూసున్నది. నిద్రల ఉన్నోళ్ళ నోట్ల ఎవలన్న నీళ్ళు పోస్తరా, అన్నది. హోలీ దాక ముట్టొద్దు, కొసకు మొలక ఈటె లెక్క పచ్చగ కనవడ్డనాడు నీళ్ళు పొయ్యి. గప్పటి సంది ముట్టలే. ఈసారి సుత ముట్టలే. చెట్లకాడ నా చెయ్యి ఆగింది, చెట్లకాడనే ఆగింది.

కార్తీక పున్నమి దాటిన నాలుగో రోజు, ఆకులు పండువారుతున్నయని బకెట్లను గోడవారకు జరుపుతున్నది, చెరువు దిక్కు నుంచి వచ్చే సల్లగాలి తాకొద్దని. ఆరు జరిపింది. ఏడో దానికాడ కూలవడ్డది. నాకు ఇనవడలే, కింద కూసోని అన్నం తింటున్న, చెయ్యి కడిగి పైకి వస్తె పడి ఉన్నది, మొఖం కుడి దిక్కు జారిపోయింది. ఎంతసేపాయెనో. తొమ్మిది రోజులు దవాఖానల ఉంచిన్రు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయినయి, మింగుడు పోయింది. ముక్కుల గొట్టం పెట్టి ఇంటికి పంపిన్రు. సంగీత గజ్వేల్ల ఓ ప్రైవేటు దవాఖానల నర్సు, అల్లుడు కర్ణాకర్ కూడ అక్కడనే ఉంటడు, ఆమెకు గివన్ని ఎర్కనే. తెల్ల కాగిదం మీద ఎర్ర పెన్ను తోటి రాసి మంచం కాడ గోడకు అతికిచ్చింది, నోటితో ఏమీ ఇవ్వరాదు. నన్ను, వాళ్ళ చిన్నమ్మను కూసోవెట్టి నేర్పింది, తల ఎత్తు చెయ్యాలె, జావ గొట్టంల మెల్లగ పొయ్యాలె, పెదవులకు తడిబట్ట అద్దాలె, గంతే. "నోట్ల పోస్తె కడుపులకు పోదు నాయినా, ఊపిరితిత్తులకు పోతది. ఒక్క చెంచ గూడ వద్దు. జాలి వడకు." తల్లి మాటనే బిడ్డ సుత అన్నది, జాలి వడకు. అనసూర్య చెల్లె బాలమణి మిరుదొడ్డి నుంచి వచ్చి నెల రోజులు మా ఇంట్లనే ఉన్నది, బీడీల చాట తెచ్చుకోని అక్క మంచం కాడ కూసోని చుట్టేది, ఒళ్ళు తుడిచేది, బట్టలు మార్చేది, అన్నీ ఆమెనే చేసింది.

అందరికీ అనసూర్య నోట్లకెల్లి వచ్చేది బ బ అనే సప్పుడే. ఏమో అంటున్నది పాపం అనేటోళ్ళు. నాకు సప్పుడు లేదు, నాకు పెదవులే. సగం మూతి జారినా మిగిలిన సగం తోటి ఏమంటున్నదో నాకు సాఫ్ ఎర్కయ్యేది. నీళ్ళు. పొద్దందాక గదే. పొద్దుగాల కండ్లు తెరిస్తె నీళ్ళు, జావ పోస్తుంటె నీళ్ళు, సంగీత ఫోన్ చేసి నా తోటి వీడియోల మాట్లాడుతుంటె వెనుక మంచంల నీళ్ళు. చెప్పిన సంగీతకు. "గొట్టంలకెల్లి పోతున్నయి గద నాయినా, ఒంటికి సరిపోతయి, నోరే ఎండుతది, ఏం చేస్తం" అన్నది, అనుకుంట అటు మొఖం తిప్పుకున్నది. నేను తడిబట్ట అద్దేటోన్ని, ఆమె ఆ బట్టను పెదవుల తోటి పట్టుకోని పీల్చేది, గుంజుకుంటె రాకుండె. ఇగ చూడలేక ఆమె దిక్కు వీపు పెట్టి కూసున్న. వీపు పెడితె నాకు ఆమె లేనట్టే. ఎడమ చేతి తోటి మంచం ఇనుపపట్టెను కొట్టేది, ఆ వణుకు నేల మీదికెల్లి నా కాళ్ళకు వచ్చేది, సాంచాల వణుకు వచ్చినట్టు. గప్పుడు మిద్దెక్కి వచ్చేటోన్ని, పదమూడు కొమ్మలు ఒత్తి చూసేటోన్ని, గట్టిగున్నయి, గట్టిగున్నయి, గట్టిగున్నయి.

బుధారం. బాలమణి ఇంటెనుక బట్టలు ఉతుకుతున్నది. ఎండ కిటికీలకెల్లి మంచం మీదికి వచ్చింది. అనసూర్య నీళ్ళు అనలే ఆ పొద్దు. నా దిక్కు చూసి, మెల్లగ, లింగమూర్తీ అన్నది. మా పెండ్లై ఇరువై ఎనిమిదేండ్లు, ఇగో అనేది, ఇంటున్నవా అనేది, సంగీత నాయినా అనేది, ఒక్కసారి సుత పేరు వట్టి పిలవలే. పిలిచింది. గప్పుడు అన్నది, నీళ్ళు. నేను లేచిపోయి బిందెల నుంచి స్టీలు గిలాసల ముంచుకొచ్చిన. చెంచ తోటి పోసిన మొదలు. ఏం కాలే. కండ్లు మూసుకున్నది, ఎన్నడు చూడలే ఆమె మొఖం గట్ల, అన్నీ ఇడిసినట్టు. ఇంకో చెంచ. ఏం కాలే. వీళ్ళకేం ఎర్క, అనుకున్న, గోడ మీది కాగిదానికి ఏం ఎర్క. గిలాస మూతికి ఆనిచ్చిన. తల లేపలే. సగం గిలాస పోయినంక దగ్గు వచ్చింది, దగ్గు గాదు అది, లోపల ఏదో చినిగినట్టు, మొఖం నీలం రంగైంది, నీళ్ళు ముక్కులకెల్లి వచ్చి దిండు మొత్తం తడిసింది. బాలమణి తడి చేతుల తోటే ఉరికొచ్చి అక్కను పక్కకు తిప్పి వీపు తట్టింది, తట్టింది, మెల్లగ ఊపిరి ఆడింది. నా చేతుల గిలాస ఉన్నది, ఆమె దాన్ని గుంజుకున్నది, దిండు గల్లేపు తీసింది. గప్పుడే సంగీత వచ్చింది, డ్యూటీ మార్చుకోని పగటీలికే బస్సెక్కిందట. చిన్నమ్మ ఒక చేతుల తడి గల్లేపు, ఒక చేతుల గిలాస. "నీళ్ళు తాపినవా?" అన్నది. బాలమణి నా దిక్కు చూసింది. నేను తలుపు కాడ నిలవడ్డ. నాకు ఇనవడలే అనుకున్నరు ఇద్దరు. ఇనవడకున్నా నా బిడ్డ పెదవులు నాకు ఎర్కలేవా.

రెండో రోజుకు జ్వరం, మూడో రోజు దవాఖాన. డాక్టరు అడిగిండు, నోట్ల ఏమన్న పోసిన్రా, ఎన్నడు, ఎంత? సంగీత చిన్నమ్మ దిక్కు చూసింది, బాలమణి నా దిక్కు చూసింది, నేను నేల దిక్కు చూసిన, తెల్ల బండలు, బండకు బండకు నడుమ నల్ల గీత. సంగీతనే చెప్పింది, మా చిన్నమ్మ జరంత పోసిందట సార్ అని. ఆరో రోజు అనసూర్య పోయింది. పీనుగను ఇంటి ముంగట పండవెట్టినంక, వాడంత చూస్తుంటె, బిడ్డ బాలమణి రెక్క వట్టుకోని లేపింది. మా అమ్మను నీళ్ళు పోసి సంపినవ్, ఇగ నా కండ్ల ముంగటికి రాకు. నేను అక్కడనే ఉన్న, పీనుగ కాళ్ళ కాడ కూసోని ఉన్న, రెండు చేతుల దూరం లేదు. బాలమణి చాట చంకల పెట్టుకోని బస్టాండు దిక్కు నడిచిపోయింది.

మిద్దె మీద నా పక్కన నీడ వడ్డది. తల లేపితె బాలమణి. ఎప్పుడెక్కిందో బయటి మెట్లు, అక్క ఇచ్చిన పచ్చచీర కట్టుకున్నది, మొఖం సగమైంది. నా ఎదురుంగ వచ్చి నిలవడి, మెల్లగ, నాకు ఎర్కయ్యేటట్టు మాట్లాడింది.

"ఏడింటి బస్సుకు వచ్చిన బావా. కిందికి పోలే."

"మంచి పని చేసినవ్."

వంగి నేను కోసిన కొమ్మను చూసింది, పక్క బకెటుది ఒత్తి చూసింది. "ఎన్ని పోయినయి?"

"ఒక్కటే. సగం దాక కోసిన. బతుకుతది."

కొంగు ముడి ఇప్పింది, మల్ల ఏసుకున్నది.

"నేను ఆ గిలాస ఎందుకు తీసుకున్ననో ఎర్కనా బావా? నీ చెయ్యి వణుకుతుండె. కింద వడి సప్పుడైతె అక్క బెదురుతదని తీసుకున్న. గంతే. నీ తప్పు మీదేసుకుందామని తీసుకోలే."

"ఎర్కనే."

"సంగీత అడిగినప్పుడు నువ్వు చెప్తవనుకున్న. ఆ పూట చెప్పలే. దవాఖానల చెప్తవనుకున్న. కనీసం పీనుగ కాడన్న చెప్తవనుకున్న. బిడ్డ పిలుస్తదేమోనని పదకొండు రోజులు నా ఫోన్ దిక్కే చూసిన."

"బిడ్డ ఒక్కతే మిగిలింది నాకు" అన్న. నా గొంతు ఎంత మెల్లగ వచ్చిందో నాకు ఎర్కలేదు.

"నాకు అక్క ఒక్కతే ఉండె" అన్నది బాలమణి.

చేతులకు బూడిద ఉన్నది, పాలు తాకినకాడ దురద వెడుతున్నది. ఆమె ఏడ్వలే, కోపం సుత లేదు మొఖంల, కోపం ఉంటె మంచిగుండేది. "చెప్పుమని రాలే. చెప్పొద్దని గూడ అనను" అన్నది, "మా అక్క దినానికి నేను గేటు అవతల నిలవడి పోను. గది చెప్పెతందుకు వచ్చిన." అని ఎండకు పిట్టగోడ మీద కూసున్నది, ఎవలో పిలిచేదాక కూసునేటోళ్ళ లెక్క.

మెట్లు దిగుతున్న. చెప్పకుండ దిగొచ్చు, బాలమణి వచ్చింది బిడ్డా, పోనీ, తినిపోని అనొచ్చు, పెద్దమనిషి లెక్క, మాఫ్ చేసిన తండ్రి లెక్క, సంగీత అయిష్టంగనన్న ఒప్పుకుంటది, నా మాట తీసెయ్యది, బాలమణి తిని పోతది, ఎన్నడు నోరు తెరవది. గంత సులువుగున్నది. పదకొండు రోజుల సంది గిట్ల సులువుగనే ఉన్నది. ముంగటింట్ల అనసూర్య ఫొటో ముంగట సంగీత కూసోని పూలదండకు దారం కడుతున్నది. నన్ను చూసి లేవవోయింది. "చిన్నమ్మ వచ్చిందట గద, వంటామె చెప్పింది. ఎవలు రమ్మన్నరు?"

"నీళ్ళు తాపింది నేను బిడ్డా."

ఇనవడనట్టు చూసింది. ఇంట్ల ఇనవడనోన్ని నేనే గద. మల్ల అన్న. "గిలాస నా చేతుల నుంచి తీసుకున్నది మీ చిన్నమ్మ. తాపింది నేను."

దారం కిందికి జారింది. మొఖంల నా బిడ్డ పోయి నర్సు వచ్చింది, దవాఖానల చీటీ రాసేటప్పుడు అడిగినట్టు అడిగింది.

"ఎంత?"

"సగం గిలాస."

"తల లేపినవా?"

"లేపలే."

"డాక్టరు అడిగినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నవ్. నేను జరంత అని చెప్పిన. జరంత అని రాసుకున్నడు."

"చెప్తె బతికేదా బిడ్డా?"

"ఎర్కలేదు" అన్నది. "ఇగ ఎన్నడు ఎర్కగాదు." లేచి నా పక్కకెల్లి బయటికి పోయింది, భుజం తాకకుండ పోయింది, మెట్లెక్కింది. నేను పోలే వెనుక. ఫొటో ముంగట నిలవడ్డ, దండకు సగమే దారం కట్టి ఉన్నది. ఎంతసేపైందో. ఇద్దరు దిగొచ్చిన్రు, సంగీత చెయ్యి బాలమణి మోచెయ్యిని పట్టుకోని ఉన్నది, ఇద్దరి కండ్లు ఎర్రగున్నయి, ఎవలు ఎవలికి ఏం చెప్పుకున్నరో నాకు చెప్పలే. బయట చాప ఏసిన్రు, అయ్యగారు వచ్చి ఇస్తార్లు, నువ్వులు, దర్భలు సర్దుతున్నడు. అల్లుడు కర్ణాకర్ నా భుజానికి కొత్త తువ్వాల ఏసిండు, అతనికి ఏమీ ఎర్కలేదు ఇంకా. నేను చాప మీద కూసున్న. అయ్యగారు నా దిక్కు వంగి, భర్త గద మీరే చెయ్యాలె అన్నట్టు చెయ్యి చాపుమన్నడు.

సంగీత వచ్చి నా ఎదురుంగ నిలవడ్డది. అయ్యగారి తోటి మాట్లాడుతున్నది గని మొఖం నా దిక్కే పెట్టింది, నాకు ఎర్కగావాలెనని.

"నాయిన చెయ్యడు. నేను చేస్త."

"భర్త ఉండంగ బిడ్డ చేసుడు..." అయ్యగారు చుట్టూ చూసిండు. కుర్చీలల్ల కూసున్నోళ్ళు అందరు చూస్తున్నరు, కులపోళ్ళు, వాడకట్టోళ్ళు, నర్సరీల అనసూర్య తోటి పని చేసిన ఆడోళ్ళు.

"నేనే చేస్త. చిన్నమ్మ నా పక్కన కూసుంటది." గప్పుడు నాతోటి అన్నది, సప్పుడు చేసిందో లేదో గూడ నాకు ఎర్కలేదు, "జరుగు."

జరిగిన.